కొండ మారుపలుకు

ఒక్కసారి చప్పట్లు కొట్టి చూడండి.

కొట్టారా? ఇప్పుడు ఆగండి. ఎదురుగా ఉన్న రాతిగోడ క్షణంపాటు ఏమీ ఎరగనట్టు ఊరుకుంటుంది. తర్వాత అదే చప్పుడు, కాస్త బొంగురుపోయి, కాస్త చెమ్మగిల్లి మీ దగ్గరికి తిరిగొస్తుంది. ధ్వని గాలిలో సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది. పోయి రావడానికి ఒక సెకను పట్టిందంటే గోడ 170 మీటర్ల అవతల ఉన్నట్టు. పక్కనే గడ్డిలో దుప్పటి పరుస్తున్న తల్లి వెనక నుంచి ఒక చిన్నపిల్ల మిమ్మల్నే చూస్తోంది. తనూ ఓ కూత వేసింది. కొండ దానికీ బదులిచ్చింది. పిల్లకి నవ్వొచ్చింది. ఆ నవ్వుకీ బదులొచ్చింది.

ఐస్‌లాండ్ వాళ్ళు ప్రతిధ్వనిని ‘బెర్గ్‌మౌల్’ అంటారు. బెర్గ్ అంటే కొండరాయి. మౌల్ అంటే మాట, భాష. రెండూ కలిపితే కొండ మాట. దీన్ని కొంగున ముడేసుకోండి; చీకటి పడ్డాక పనికొస్తుంది.

ఇది 2006 ఆగస్టు, నెల మొదట్లో ఒక సాయంత్రం. మీరున్న చోటి పేరు ఔస్‌బిర్గి. ఐస్‌లాండ్ ఉత్తరపు అంచు. ఇంకో 60 కిలోమీటర్లు పైకి పోతే ఆర్కిటిక్ వలయం. మూడున్నర కిలోమీటర్ల పొడవున, కిలోమీటరు పైచిలుకు వెడల్పున, గుర్రపు డెక్క దిగబడినట్టు నేల లోపలికి కుంగి ఉంటుంది. చుట్టూ 100 మీటర్ల దాకా లేచిన నల్లరాతి గోడలు. ఓడిన్ దేవుడికి ఎనిమిది కాళ్ళ గుర్రం ఒకటుంది, పేరు స్లేప్నిర్. అది ఆకాశంలో దౌడు తీస్తూ ఒక కాలు ఇక్కడ మోపిందని ఇక్కడి కథ. భూగర్భ శాస్త్రవేత్తలది ఇంకో కథ: వేల ఏళ్ళ కిందట మంచుకొండల దిక్కు నుంచి యోకుల్సౌ నది మహా వరదై విరుచుకుపడి, రాతిని కోసుకుంటూ పోయిందట. ఆ నది తర్వాత తూర్పుకి జరిగిపోయింది, గుంట మిగిలింది. మన ఊళ్ళలోనూ బండమీద చిన్న పల్లం కనిపిస్తే భీముడి పాదం అంటాం కదా. పుట్టుక తెలియని గుంటకి ఎక్కడైనా పురాణమే ఆధారం.

రాజధాని రేక్యవీక్ నుంచి ఇక్కడికి 500 కిలోమీటర్లు దాటుతుంది. తిమింగలాలు కనిపించే హూసవీక్ రేవు దాటాక ఇంకో 65. దారి పొడవునా చెట్టన్నది కనిపించలేదు మీకు. ఐస్‌లాండ్ అడవిలో దారి తప్పితే ఏం చెయ్యాలి? లేచి నిలబడితే చాలు! ఇది వాళ్ళమీద వాళ్ళే వేసుకునే జోకు. కానీ ఈ గుంటలో గాలి తగలదు కాబట్టి బర్చ్ చెట్లు మనిషి ఎత్తు దాటి పెరిగాయి. వాటి మధ్య గడ్డినేల మీద వేదిక కట్టారు. గోడల పగుళ్ళలో గూళ్ళు పెట్టుకున్న సముద్రపక్షులు కింద ఇంతమందిని చూసి చక్కర్లు కొడుతున్నాయి.

గేటు లేదు. టిక్కెట్టు లేదు. చేతికి పట్టీ కట్టేవాళ్ళు లేరు. పెద్దగా ప్రకటించలేదు కూడా. ఆ నోటా ఈ నోటా తెలిసి వచ్చినవాళ్ళే అంతా. పాలిచ్చే తల్లులు, చేతికర్రలతో తాతలు, గుడారాలు మోసుకొచ్చిన కుర్రకారు. ఉన్ని స్వెటర్లు వేసుకున్నారు; మెడచుట్టూ గుండ్రంగా తిరిగిన అల్లిక చూస్తే ముగ్గు గుర్తొస్తుంది. పిల్ల తల్లి మీ చేతిలో ఒక మెలితిరిగిన పిండివంట పెట్టింది. పేరు క్లేనా. గోధుమపిండిని మెలితిప్పి నూనెలో వేయించింది. కొరికితే, ఇంత దూరాన, ఇంత చలిలో, నాలుకమీద యాలకుల వాసన.

ఈ ఏడాది జనవరిలోనే ఈ దేశ జనాభా మూడు లక్షలకి చేరింది. దేశం మొత్తం కలిపితే ఇంచుమించు మన కాకినాడ. అంత చిన్న ఇంట్లోంచి బయల్దేరి, ప్రపంచమంతా పెద్ద పెద్ద హాళ్ళు నింపి వచ్చిన నలుగురు కుర్రాళ్ళు ఇంకాసేపట్లో ఈ చెక్కల మీద నిలబడతారు. వాళ్ళ బృందం పేరు సిగుర్ రోస్.

*

వేదిక మీద ఒకతను గిటారు తీగలు బిగిస్తున్నాడు. గిటారు పక్కన, బల్లమీద, చూడటానికి చోటు తప్పి వచ్చినట్టున్న వస్తువు ఒకటుంది. చెల్లో వాయించే కమాను. అది ఎందుకో చెప్పాలంటే పన్నెండేళ్ళు వెనక్కి పోవాలి. ఎటూ ఇంకా వెలుతురుంది. ఈ నెలలో ఇక్కడ రాత్రి పది దాటినా సూర్యుడు బేరాలాడుతూనే ఉంటాడు.

1994 జనవరి, రేక్యవీక్. యోన్సి, గియోర్గ్, ఔగూస్ట్ అనే ముగ్గురు కుర్రాళ్ళు రాక్ బృందం పెట్టారు. సరిగ్గా ఆ రోజుల్లోనే యోన్సికి చెల్లెలు పుట్టింది. ఇంట్లో సిగుర్‌రోస్ అని పేరు పెట్టారు. సిగుర్ అంటే విజయం, రోస్ అంటే గులాబి. మన లెక్కన విజయరోజా. అన్నయ్య ఆ పేరు ఎత్తుకొచ్చి, మధ్యలో విరిచి బృందానికి పెట్టేశాడు. ఈ దేశంలో ఎక్కువమందికి ఇంటిపేర్లుండవు. యోన్సి పూర్తి పేరు యోన్ థోర్ బిర్గిసన్, అంటే బిర్గిర్ కొడుకు యోన్ థోర్. తరం మారితే చివరి పేరు మారిపోతుంది. అలాంటి చోట ఒక పసిపిల్ల పేరు ఊరూరా పోస్టర్లకెక్కి నిలిచిపోయింది.

తొలి ఆల్బమ్ ‘వొన్’ 1997లో వచ్చింది. వొన్ అంటే ఆశ. రికార్డింగుకి డబ్బుల్లేక, స్టూడియో గోడలకి రంగులు వేసిపెట్టి, ఆ కూలికి బదులు సమయం తీసుకున్నారు. పాట ఎక్కడ మొదలైందో, ఎక్కడ అయిపోయిందో తెలియని ఆల్బమ్ అది. పొగమంచులో ఎవరో సామాను జరుపుతున్నట్టుంటుంది. స్వదేశంలోనే మొదటి ఏడాది కొన్ని వందల కాపీలు పోయాయి, అంతే.

ఆ తొలినాళ్ళలోనే గియోర్గ్ పుట్టినరోజుకి ఎవరో చెల్లో కమాను బహుమతిగా ఇచ్చారు. అతను వాయించేది బేస్ గిటారు. కమాను పెట్టి లాగి చూస్తే వినలేనట్టుంది. పక్కన పడేశాడు. యోన్సి తీసుకుని తన గిటారు మీద పెట్టాడు.

కమాను పెట్టి వాయించే వాయిద్యం ఎట్లా ఉంటుందో మనకు తెలుసు. ఫిడేలుకి తీగల కిందుండే చెక్కవంతెన వంపు తిరిగి ఉంటుంది, అందుకే ఒక్కో తీగని విడిగా పలికించొచ్చు. గిటారు వంతెన దాదాపు చదును. కమాను ఆనిస్తే రెండు మూడు తీగలు ఒక్కసారే మేలుకుంటాయి. ఒకదాన్ని పిలిస్తే ఇల్లంతా పలికినట్టు. పైగా ఉక్కుతీగలు గుర్రపు వెంట్రుకల్ని తెంపేస్తాయి. పాట అయ్యేసరికి కమాను చివర తెల్ల పోగులు వేలాడుతుంటాయి. ఆ గరగరకి యంత్రంతో బోలెడు ప్రతిధ్వని జతచేస్తే పుట్టేది గిటారు శబ్దం అనిపించదు. తుఫాను ముందు ఫోను తీగల హోరు, ఖాళీ గుళ్ళో తంబుర శ్రుతి, సముద్రం అడుగున తిమింగలం... విన్నవాళ్ళు తలో పోలిక చెబుతారు. గిటారుని కమానుతో వాయించినవాళ్ళు అంతకుముందూ ఉన్నారు, ఏదో ఒక పాటలో, ఒక చమత్కారంగా. ఇతను దాన్ని తన మాటతీరు చేసుకున్నాడు. రాక్ సంగీతంలో గిటారంటే మీటు. ఇతను ఆ మీటు తీసేశాడు.

‘తీసేశాడు’ అన్న ఈ క్రియని కూడా గుర్తుంచుకోండి. ఈ బృందం ఎదిగిన తీరంతా దాంట్లోనే ఉంది. మామూలుగా పేరొచ్చేకొద్దీ బృందాలు కలుపుకుంటూ పోతాయి: ఇంకో దీపం, ఇంకో తెర, ఇంకో వాయిద్యం. వీళ్ళూ కలుపుకున్నారు. కానీ ప్రతి మలుపులోనూ, ఇది లేకుండా పాట నిలబడదని అందరూ అనుకునేది ఏదో ఒకటి తీసి పక్కన పెట్టారు.

*

ఎండ ఇప్పుడు గుంట అడుగు వదిలేసింది. ఎదుటి గోడ పైసగం మాత్రం ఇత్తడిలా మెరుస్తోంది. మీ కాళ్ళ కింద గడ్డి చల్లబడింది. పిల్ల దుప్పటి మీద బోర్లా పడుకుని గడ్డిపోచ నములుతోంది.

వేదికమీదికి నలుగురు అమ్మాయిలు వచ్చారు. వయోలిన్లు, చెల్లో సర్దుకుంటున్నారు. వీళ్ళది అమీనా బృందం. సంగీత కళాశాలలో కలిసి చదువుకుంటూ తీగవాయిద్యాల చతుష్టయంగా మొదలై, 1999 నుంచి సిగుర్ రోస్‌కి తోడు వాయిస్తున్నారు. వాళ్ళలో ఒకరు రంపం కూడా వాయిస్తారు. అవును, వడ్రంగి రంపమే. వంచి పట్టుకుని అంచుమీద కమాను లాగితే ఆడగొంతులా ఏడుస్తుంది.

1999 ఈ బృందానికి అసలైన మలుపు. అంతకు ముందేడు క్యార్తాన్ స్వేన్సన్ వచ్చి చేరాడు. పియానో, ఆర్గన్, ఏది చేతికిస్తే అది వాయించగలవాడు, స్వరాలు కాగితం మీద రాయగలవాడు. రెండో ఆల్బమ్ కోసం కట్టిన మొదటి పాట విని ఒక స్నేహితుడు, ‘పర్లేదు, మంచి మొదలే’ అన్నాడట. ఆ పొదుపైన మెచ్చుకోలే ఆల్బమ్ పేరైపోయింది: ‘ఔగైటిస్ బిర్యున్’, మంచి మొదలు. మొదటి విడత అట్టల్ని బృందం వాళ్ళే కూర్చుని జిగురు పెట్టి అంటించారు. జిగురు ఎక్కువై చాలా కాపీలు పాడయ్యాయి. ఆ జిగురు చేతుల ఆల్బమే సముద్రం దాటింది. 2000లో రేడియోహెడ్ బృందం వాళ్ళు తమ కచేరీల ముందు వాయించమని పిలిచారు. మరుసటేడు హాలీవుడ్ సినిమా ‘వెనిలా స్కై’లో వీళ్ళ పాటలు వినిపించాయి.

ఆల్బమ్ అయ్యాక ఔగూస్ట్ వెళ్ళిపోయాడు. డ్రమ్స్ దగ్గరికి ఓర్రి దీరసన్ వచ్చాడు. ఇప్పుడు వేదిక వెనక నిలబడి చేతులు రుద్దుకుంటున్న నలుగురూ అలా కుదిరారు.

ఆ తర్వాత, పేరొచ్చిన సరిగ్గా ఆ వేళ, ఇంకోటి తీసేశారు. 2002లో వచ్చిన మూడో ఆల్బమ్‌కి పేరు లేదు. అట్టమీద ఎదురుబొదురుగా రెండు కుండలీకరణాలు, మధ్యలో ఖాళీ. ఎనిమిది పాటలు, ఒక్కదానికీ పేరు లేదు. లోపల పుస్తకం తెరిస్తే తెల్ల కాగితాలు. విన్నవాళ్ళు తమకు తోచింది రాసుకోవచ్చని. నాలుగో పాటకీ ఐదో పాటకీ నడుమ 36 సెకన్ల మౌనం. ఇక సాహిత్యం? అదీ లేదు. ఆల్బమ్ మొత్తం వొన్లెన్స్‌కాలో పాడాడు యోన్సి.

వొన్లెన్స్‌కా అంటే ఆశా భాష. దానికి వ్యాకరణం లేదు, నిఘంటువు లేదు. పాట కట్టేటప్పుడు మాటలు ఇంకా కుదరక ముందు ఎవరైనా ‘లాలా, తానా’ అని గొణుక్కుంటారు కదా, అదే. తక్కినవాళ్ళు తర్వాత ఆ చోట్లో మాటలు పెడతారు. ఇతను పెట్టలేదు. సన్నటి, మగవాడిదో ఆడదానిదో పసివాడిదో తేల్చుకోలేని గొంతుతో ఆ అక్షరాల్నే పాడాడు.

బయటి పత్రికలకి ఇది వింతగా తోచింది. మీకు తోచక్కర్లేదు. కచేరీలో విద్వాంసుడు తానం అందుకుంటే ‘అనంతం’ అన్న మాట విరిగి ముక్కలై ‘తానంత ఆనంత’ అని పరుగు తీస్తుంది. దానికి అర్థమేమిటని ఎవరూ అడగరు. తెడ్లు వేసేవాళ్ళ హైలెస్సాకి, ఉయ్యాల దగ్గర జోజోకి టీకా తాత్పర్యాలు ఎవరు రాశారు? మాట పుట్టకముందు ఏదో ఉంది, పసిపిల్లకి అది తెలుసు. ఇందాక కొండకేసి కూత వేసిన పిల్ల కూడా మాటేమీ అనలేదు.

*

ఆ పేరులేని ఆల్బమ్ ఎక్కడ రికార్డు చేశారో చెబితే నమ్మరు. ఈతకొలనులో. రేక్యవీక్ పక్కన మోస్‌ఫెల్స్‌బైర్ ఊళ్ళో, ఔలఫోస్ ఉన్నిమిల్లు దగ్గర పాతకాలపు ఈతకొలను ఒకటి వాడకం లేకుండా పడి ఉంటే, దాన్ని స్టూడియోగా మార్చుకున్నారు. పేరు కూడా మార్చలేదు. ‘సున్డ్‌లోయ్‌గిన్’ అంటే ఈతకొలను, అంతే. శబ్దానికి గది కావాలి, ఆ గదికి ఒక గొంతుంటుంది. ఈ బృందానికి ఆ సంగతి అప్పటికే తెలుసు.

గత ఏడాది, 2005లో, ‘తక్’ వచ్చింది. తక్ అంటే థాంక్స్. అందులో ‘హొప్పీపొల్లా’ అని ఒక పాట, నీటిగుంటల్లో గెంతడం గురించి. బీబీసీ వాళ్ళు ‘ప్లానెట్ ఎర్త్’ టీవీ సీరీస్ ప్రకటనలకి వాడుకోవడంతో పేరు పలకలేనివాళ్ళు కూడా దాన్ని కూనిరాగం తీశారు. ఊరూరా తిరిగారు. హాళ్ళలో పల్చటి తెల్ల తెర దించి, దాని వెనక నీడలుగా కచేరీ మొదలుపెట్టేవాళ్ళు. నెలల తరబడి బస్సులు, హోటళ్ళు, విమానాలు.

ఇంటికొచ్చాక ఈ వేసవిలో చేసిన పని ఇదిగో, మీరు చూస్తున్నది. ఆల్బమ్ పేరుకి తగ్గట్టు థాంక్స్ చెప్పడానికి సొంత దేశం చుట్టూ తిరుగుతూ ఉచితంగా వాయిస్తున్నారు. ఈసారి తీసేసింది టిక్కెట్టుని, ప్రకటనని, హాలుని. వీళ్ళ వెంట కెమెరాలు తిరుగుతున్నాయి. దీన్ని సినిమాగా మలిచేది డీన్ డెబ్లోవా. డిస్నీ వారి ‘లీలో అండ్ స్టిచ్’ బొమ్మల సినిమా తీసిన ఇద్దరు దర్శకుల్లో ఒకడు. ఈ యాత్ర వచ్చే ఏడాది ‘హేమా’ పేరుతో సినిమా అవుతుంది. మనకి హేమ అంటే బంగారం, వీధికొక అమ్మాయి పేరు. వాళ్ళ భాషలో ఇంటి దగ్గర అని.

చోట్లు ఎట్లాంటివి ఎంచుకున్నారో వినండి. వాయవ్య తీరాన ద్యూపవీక్ అని ఒక మారుమూల వాడ ఉంది. 1930లలో అక్కడ హెర్రింగ్ చేపల ఫ్యాక్టరీ కట్టారు. అప్పటికి ఐస్‌లాండ్‌లోకెల్లా పెద్ద కాంక్రీటు భవనం అది. వందలమందికి పని. తర్వాత చేపలు రావడం మానేశాయి. 1954లో మూసేశారు. కార్మికులు పడుకున్న పాత ఓడ ఒడ్డున తుప్పుపట్టి పడి ఉంది. చేపనూనె నిలవచేసే పెద్ద ఇనుప తొట్టి ఖాళీగా మిగిలింది. ఆ తొట్టి లోపలికి యోన్సి గిటారు, కమాను పట్టుకుని ఒక్కడే దిగి వాయించాడు. లోపలి చీకట్లో ఒక్క స్వరం పుడితే, చావడానికి దానికి చాలాసేపు పట్టింది. సంక్రాంతికి ఎవరూ రాని పాత మండువా లోగిట్లో నిలబడి, పేరుపెట్టి పిలిస్తే ఎట్లా ఉంటుందో ఊహించుకోండి.

తూర్పున స్నైఫెల్ కొండ దగ్గర ఇంకోలా జరిగింది. అక్కడ కౌరహ్న్యూకర్ ఆనకట్ట కడుతున్నారు. 193 మీటర్ల ఎత్తు, 690 మెగావాట్లు. ఆ కరెంటు ఒక అల్యూమినియం కర్మాగారానికి. ఈ శరత్కాలంలోనే నీళ్ళు నింపడం మొదలవుతుంది. 57 చదరపు కిలోమీటర్ల పీఠభూమి మునుగుతుంది. వద్దంటూ కొంతమంది గుడారాలు వేసుకుని కూర్చున్నారు. సిగుర్ రోస్ వాళ్ళ మధ్యకి పోయి వాయించింది. ఆంప్లిఫయర్లు లేవు, స్పీకర్లు లేవు. కరెంటు కోసం మునిగిపోబోయే నేలమీద కరెంటునే తీసేశారు. శ్రీశైలం నీళ్ళు తగ్గిన వేసవిలో బయటపడే సంగమేశ్వరం గుడిని చూసినవాళ్ళకి, మునగబోయే నేలకి పాట వినిపించడం ఏమిటో విడమరచి చెప్పాలా?

*

గోడమీది ఇత్తడి రంగు పైఅంచుకి ఎగబాకి, సన్నటి గీతై, ఆరిపోయింది. ఇప్పుడొచ్చింది చీకటని అనలేం. నీలం. రాయి నీలం, చెట్లు నీలం, మీ చేతులు నీలం. ఎవరో ఫ్లాస్కు మూత తిప్పుతున్న చప్పుడు విడిగా వినిపిస్తోంది. ఎవరూ ఈల వెయ్యడం లేదు, ‘ఇంకెప్పుడు’ అని అరవడం లేదు. ఈ గుంట అదృశ్య మానవుల రాజధాని అని ఇక్కడివాళ్ళంటారు. హుల్దుఫోల్క్, రాళ్ళలో కాపురముండే కనిపించని జనం. నమ్ముతారా అని అడిగితే సూటిగా జవాబు చెప్పరు. కానీ రాత్రిపూట గొంతు మాత్రం తగ్గిస్తారు.

ఇక్కడ కూర్చున్న మీకు ఈ రాత్రి తెలిసే వీలులేని సంగతులు కొన్నున్నాయి. 2008 ఆల్బమ్‌లో వీళ్ళు మొదటిసారి ఇంగ్లీషులో ఒక పాట పాడతారు. 2013 నాటికి క్యార్తాన్ వెళ్ళిపోతాడు. మిగిలిన ముగ్గురు ఇనుము విరిచినంత చప్పుడుతో ‘క్వేకుర్’ ఆల్బమ్ తెస్తారు. 2018లో ఓర్రి కూడా తప్పుకుంటాడు. 2022లో క్యార్తాన్ తిరిగొస్తాడు. 2023లో ‘ఔట్టా’ వస్తుంది, అంటే ఎనిమిది. పెద్ద ఆర్కెస్ట్రా ఉంటుంది. డ్రమ్స్ మటుకు దాదాపు వినిపించవు. డ్రమ్మర్ వెళ్ళిపోయిన ఖాళీని ఇంకో డ్రమ్మర్‌తో పూడ్చకుండా, ఆ ఖాళీతోనే ఆల్బమ్ కడతారు. రాక్ బృందం దగ్గర తీయడానికి అంతకంటే ఏం మిగిలుంటుంది?

సరే, అదంతా తర్వాత. ఇప్పటికి ఇంకా నలుగురూ ఉన్నారు. అదిగో.

దీపాలు ముందు వెలిగింది మనుషులమీద కాదు, వెనకున్న రాతిమీద. నారింజ వెలుగు పగుళ్ళలోకి పాకి, 100 మీటర్ల గోడ నిద్రలోంచి లేచి కూర్చున్నట్టయింది. ఓర్రి డ్రమ్స్ వెనక్కి వెళ్ళాడు. క్యార్తాన్ కీబోర్డు ముందు కూర్చుని చేతులు ఒళ్ళో పెట్టుకున్నాడు. గియోర్గ్ మెడలో బేస్ గిటారు; ఒక పాటలో అతను దాన్ని డ్రమ్ కర్రతో కొడతాడు, చూస్తూండండి. యోన్సి చివర వచ్చాడు. పల్చటి మనిషి. పుట్టుకతోనే కుడికన్నుకి చూపు లేదు. నమస్కారం, బాగున్నారా, ఏమీ లేదు. కమాను వెంట్రుకల్ని ఒకసారి వేలితో తడిమి చూసుకున్నాడు. గిటారుని నోటిదగ్గరికి తెచ్చుకున్నాడు. కొన్నిసార్లు మైకు వదిలేసి, తీగల కిందుండే పికప్‌లోకే పాడతాడతను. అప్పుడు గొంతు కూడా తీగల మీదుగా వచ్చినట్టుంటుంది. ఈసారి పాడలేదు. దించుకున్నాడు.

మీ పక్కన పిల్ల దుప్పటి మీంచి లేచి నిలబడింది. ఇందాకటి ఆట గుర్తొచ్చినట్టుంది, నోరు తెరిచి ఊపిరి పీల్చింది. తల్లి వారించబోయి ఊరుకుంది.

యోన్సి కమాను ఎత్తాడు. గాలి పూర్తిగా ఆగింది. చెట్లు ఆగాయి. పైన ఒక్క పక్షి మాత్రం రెక్క కొట్టింది.

కమాను తీగలకి ఆనింది.

మొదట శబ్దం వినిపించదు, తెలుస్తుంది. కూర్చున్న నేల సన్నగా వణికి, ఆ వణుకు వెన్ను పట్టుకుని పైకి పాకి, చెవి దగ్గర స్వరంగా మారుతుంది. రెండు తీగలు, మూడు తీగలు, ఒకదానికొకటి రాసుకుంటూ తెరుచుకుంటున్నాయి. ఒక సెకను గడిచింది. ఎదుటి గోడ అందుకుంది, కాస్త బొంగురుగా, కాస్త చెమ్మగా. మరో పాయ ఇంకా ఆలస్యంగా, అవతలి మలుపునుంచి వచ్చింది. ఇప్పుడు వేదికమీద ఒకే ఒక్కడు వాయిస్తున్నాడు, చుట్టూ అరడజనుమంది బదులిస్తున్నారు. పిల్ల తెరిచిన నోరు అలాగే ఉంది. కూత బయటికి రాలేదు, ఆమె వింటోంది.

యోన్సి కమానుని చివరిదాకా లాగి, మెల్లిగా తీగల మీంచి ఎత్తేశాడు.

కొండ ఇంకా ఆపలేదు.